అరవైకీ డెబ్బైకీ మధ్య పదేళ్లు: పని మానేసిన వాళ్లకు ఏ కార్డు చెల్లుతుంది?

ఆరోగ్య బీమా అనగానే మన దగ్గర చర్చంతా ఆరోగ్యశ్రీ పరిమితి ఐదు లక్షలా, పది లక్షలా అన్న దగ్గరే ఆగిపోతుంది. ఇరవై, ముప్పై ఏళ్లు ఊడ్చి, వండి, కాపలా కాసిన మనిషి పని మానేసిన మర్నాడు ఏ కార్డు పట్టుకుని దవాఖానాకు పోవాలి అన్నది మాత్రం ఎవరూ అడగరు. పర్మినెంట్ ఉద్యోగికి ఈ ప్రశ్న రాదు. రిటైర్మెంట్ కాగితాలతో పాటే వైద్యం కాగితాలు కూడా ఆఫీసే కదిలిస్తుంది. ఔట్‌సోర్సింగ్ మనిషికి రిటైర్మెంటే ఉండదు. రేపటి నుంచి రావద్దమ్మా అన్న మాట ఒకటే ఉంటుంది.

తార్నాక చౌరస్తాలో నిలబడి చూస్తే ఈ తేడా కళ్ల ముందే కనిపిస్తుంది. నాలుగైదు కిలోమీటర్ల లోపలే ఆర్టీసీ ఆసుపత్రి ఉంది, లాలాగూడలో రైల్వే ఆసుపత్రి ఉంది, నాచారంలో ఈఎస్‌ఐ ఆసుపత్రి ఉంది. ఉస్మానియా క్యాంపస్ లోపల యూనివర్సిటీ హెల్త్ సెంటర్ ఉంది. హబ్సిగూడ వైపు వరుసగా కేంద్ర పరిశోధనా సంస్థలు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు, పెన్షనర్లకు సీజీహెచ్‌ఎస్ అనే వేరే ఏర్పాటు. ఊడ్చే పని అన్ని చోట్లా ఒకటే. చేసే కులాలు కూడా దాదాపు ఒకటే, మన నగరంలో ఆ పని ఎక్కువగా మాదిగ ఆడవాళ్ల మీద పడిందన్నది ఎవరికీ కొత్త సంగతి కాదు. జీతం ఎవరి రిజిస్టరులో పడింది అన్న ఒక్క విషయం, అరవై దాటాక ఆమె ఏ గేటు లోపలికి పోగలదో తేలుస్తుంది. రైల్వేలో పర్మినెంట్‌గా ఊడ్చినామెకు రిటైరైన వాళ్ల కోసం పెట్టిన ఆరోగ్య పథకం ఉంది. సీజీహెచ్‌ఎస్‌లో కింది స్థాయి ఉద్యోగి నెలకు 250 రూపాయల లెక్కన పదేళ్ల చందా, అంటే 30,000 ఒక్కసారి కడితే జీవితాంతం కార్డు వస్తుంది, ఓపీ, మందులతో సహా. అదే పని ఏజెన్సీ కింద చేసినామె సంగతేమిటి?

ఆమెకూ ఒక దారి ఉంది. చట్టంలోనే ఉంది. అది ఆమెకు చెప్పే వాళ్లే లేరు.

ఏడాదికి 120 రూపాయలు

ఈఎస్‌ఐ మనకు పరాయి సంస్థ కాదు. దానికి పునాది వేసిన బి.పి. అదార్కర్ నివేదిక 1944లో వచ్చింది. అప్పుడు వైస్రాయి కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూస్తున్నది బాబాసాహెబ్ అంబేద్కర్. చట్టం 1948లో అయింది. నెలకు 21,000 వరకు జీతం ఉన్న వాళ్లు దీని కిందికి వస్తారు, 2017 జనవరి నుంచి ఇదే పరిమితి. 2019 జూలై నుంచి కార్మికుల వాటా జీతంలో 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. లెక్క వేసి చూడండి. 16,000 జీతం ఉన్నామె దగ్గర నెలకు కోసేది 120 రూపాయలు, యజమాని కట్టాల్సింది 520.

పని ఆగితే ఈఎస్‌ఐ పోయిందనే చాలామంది అనుకుంటారు. ఈఎస్‌ఐ కేంద్ర నిబంధనల్లో 61వ నిబంధన అలా అనడం లేదు. కనీసం ఐదేళ్లు బీమాలో ఉండి, రిటైర్మెంట్ వయసు వచ్చి పని మానేసిన వాళ్లు ఏడాదికి 120 రూపాయలు కడితే, తమకూ తమ భర్తకు లేదా భార్యకూ ఈఎస్‌ఐ వైద్యం కొనసాగుతుంది. పనిలో ఉండగా ఒక్క నెలకు కోసిన 120, ఇప్పుడు ఏడాది మొత్తానికి. బీపీ, షుగరు మాత్రల కోసం డిస్పెన్సరీకి పోవచ్చు, అవసరమైతే ఆసుపత్రిలో చేరవచ్చు. పిల్లలకు మాత్రం ఇది వర్తించదు.

ఇక్కడ అందరూ అడిగే మాట ఒకటుంది. మాకు రిటైర్మెంట్ వయసే లేదు కదా, ఏ ఆర్డరూ ఇవ్వలేదు కదా, మేం రిటైరైనట్టు ఎలా? చట్టం రాసిన వాళ్లు దీన్ని ముందే ఊహించారు. సెక్షన్ 56కి ఒక వివరణ ఉంది. సర్వీసు షరతుల్లో పదవీ విరమణ వయసు రాసి ఉంటే ఆ వయసు. ఏ వయసూ రాయకపోతే, మనిషి ఇక బీమా ఉన్న పనిలో లేకపోతే, అరవై ఏళ్లే విరమణ వయసు. ఔట్‌సోర్సింగ్ కార్మికులకు ఈ ఒక్క వాక్యం ఎంత ముఖ్యమో ఆలోచించండి. రిటైర్మెంట్ అనే గౌరవం వాళ్లకు ఏజెన్సీ ఇవ్వలేదు, కనీసం చట్టం ఇచ్చింది. బ్రాంచి ఆఫీసులో రిటైర్మెంట్ లెటర్ లేదు కాబట్టి కుదరదు అంటే ఈ వివరణను ఎత్తి చూపండి. సెక్షన్ నంబరుతో సహా దరఖాస్తులో రాయండి.

2024 ఫిబ్రవరిలో ఈఎస్‌ఐ కార్పొరేషన్ ఇంకొక సడలింపు ఇచ్చింది. జీతం 21,000 దాటడంతో బీమా నుంచి బయటికి పోయి, తర్వాత రిటైరైన వాళ్లకు ఇది. 2012 ఏప్రిల్ 1 తర్వాత కనీసం ఐదేళ్లు బీమాలో ఉండి, 2017 ఏప్రిల్ 1న గానీ ఆ తర్వాత గానీ రిటైరై, ఆఖరి జీతం 30,000 లోపు ఉంటే అర్హులే. డ్రైవర్లు, ల్యాబ్ అటెండర్లు, సెక్యూరిటీ సూపర్‌వైజర్ల లాంటి వాళ్లలో ఇది వర్తించేవాళ్లు ఉంటారు. ఇక 2025 నవంబరు 21 నుంచి పాత కార్మిక చట్టాల స్థానంలో లేబర్ కోడ్‌లు వచ్చాయి, ఈఎస్‌ఐ సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది. సెక్షన్ల నంబర్లు మారే కాలం ఇది. దరఖాస్తు పెట్టే రోజున బ్రాంచి ఆఫీసులో ఏ నిబంధన కింద తీసుకుంటున్నారో అడిగి రాయించుకోవడం మంచిది.

ఏజెన్సీ మారిన ప్రతిసారీ

ఐదేళ్ల షరతు చూడటానికి చిన్నదే. పదిహేనేళ్లుగా అదే హాస్టల్ ఊడుస్తున్నామెకు ఐదేళ్లు ఎందుకుండవు అనిపిస్తుంది. మనిషి మారదు, చీపురు మారదు, టెండర్ మారుతుంది. కొత్త ఏజెన్సీ వచ్చినప్పుడు పాత ఇన్సూరెన్స్ నంబరు అడగకుండా కొత్త నంబరు తీస్తే, పదిహేనేళ్ల సర్వీసు మూడు నాలుగు ముక్కలవుతుంది. ఒక మనిషికి ఒకే నంబరు ఉండాలి. రెండు మూడు ఉంటే కలిపించుకోవాలి. ఆ పని అరవై నిండాక కాదు, యాభై ఐదు దాటగానే మొదలుపెట్టాలి. కలపడానికి పేరు, తండ్రి లేదా భర్త పేరు, పుట్టిన తేదీ అన్ని చోట్లా ఒకేలా ఉండాలి. మన వాళ్ల పేర్లు ఒక్కో రిజిస్టరులో ఒక్కో తీరుగా ఉంటాయి, ఎల్లమ్మ ఒక చోట యల్లమ్మ అవుతుంది, ఇంటిపేరు ఒక చోట ముందు, ఇంకో చోట వెనక.

ఇంకా దారుణం, జీతంలో కోసి కట్టకపోవడం. కార్మికుల జీతంలోంచి కోసిన వాటా యజమాని సొమ్ము కాదు, కట్టమని ఆయన చేతికి అప్పగించిన సొమ్ము అని చట్టం చెబుతుంది. ఏజెన్సీ బోర్డు తిప్పేసినా దారి మూసుకుపోదు. 1948 చట్టం సెక్షన్ 40 ప్రకారం, కాంట్రాక్టరు ద్వారా పెట్టుకున్న వాళ్ల విషయంలో కూడా చందా ముందుగా కట్టాల్సిన బాధ్యత ప్రధాన యజమానిదే. అంటే పని ఎవరి ఆవరణలో జరిగిందో ఆ సంస్థది. కాబట్టి ఉత్తరం ఏజెన్సీకి ఒక్కదానికే రాసి ఊరుకోవద్దు, ఆ సంస్థ రిజిస్ట్రారుకో కమిషనరుకో కూడా రాయాలి. ప్రభుత్వ సంస్థ అయితే సమాచార హక్కు కింద చందా చలాన్ల నకళ్లు అడగొచ్చు. విద్యార్థి సంఘాలు చేయగలిగిన పనుల్లో నా దృష్టిలో దీనికంటే ఉపయోగపడేది తక్కువ. ధర్నా ఒక రోజు, చలాను జీవితాంతం.

పని ఆగిన రోజునే కార్డు ఆగిపోదన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఈఎస్‌ఐ లెక్క ఆరు నెలల చొప్పున నడుస్తుంది. అక్టోబరు నుంచి మార్చి వరకు కట్టిన చందాకు ఫలితం జూలై నుంచి డిసెంబరు వరకు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు కట్టినదానికి మరుసటి జనవరి నుంచి జూన్ వరకు. ఆ ఆరు నెలల్లో 78 రోజుల చందా ఉండాలి. మార్చి ఆఖరున పని మానేసినామె ముందరి ఏడాదంతా పనిలో ఉంటే డిసెంబరు దాకా ధైర్యంగా పోవచ్చు. 61వ నిబంధన దరఖాస్తు పెట్టుకోవడానికి ఆ తొమ్మిది నెలలు దొరికినట్టే.

రేషన్ కార్డు మీద నడిచే బీమా

ఈఎస్‌ఐ లేని వాళ్లకు, ఇళ్లల్లో పనిచేసేవాళ్లకు, అడ్డా కూలీలకు ఉన్నది ఆరోగ్యశ్రీ. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. తెలంగాణ 2021 మేలో కేంద్ర ఆయుష్మాన్ భారత్‌ను దీనితో కలిపింది. 2023 డిసెంబరు 9 నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల పరిమితి. దీనికి వయసుతో పని లేదు, ఆహార భద్రత కార్డుతోనే పని. అరవై దాటిన వాళ్లకు చిక్కు కూడా అక్కడే. కొడుకులు వేరుపడి కొత్త కార్డులు తీసుకున్నాక తల్లి పేరు ఎవరి కార్డులో ఉందో చాలా ఇళ్లలో తెలియదు. ఊరి కార్డులో పేరు, ఉండేది మాణికేశ్వర్ నగర్‌లో, ఆధార్‌లో మూడో చిరునామా. ఆసుపత్రిలో చేర్చే రోజున ఇది బయటపడితే చేయగలిగింది తక్కువ.

కేంద్ర ఆయుష్మాన్ జాబితాకు ఆధారమైన 2011 సామాజిక ఆర్థిక కుల గణనలో ఇంకో తిరకాసు ఉంది. పల్లెల్లో ఎస్సీ, ఎస్టీ కుటుంబం కావడమే ఒక అర్హత. పట్టణాల్లో కులం అర్హత కాదు, వృత్తి అర్హత. చెత్త ఏరేవాళ్లు, ఇళ్లల్లో పనిచేసేవాళ్లు, పారిశుద్ధ్య కార్మికులు ఇలా పదకొండు రకాలు. ఊరు విడిచి పట్నం వచ్చిన దళిత కుటుంబం బస్సు దిగగానే కులం పోగొట్టుకుంటుందని ఆ జాబితా రాసిన వాళ్లు అనుకున్నారేమో. పైగా ఆ లెక్క 2011 నాటిది. మురుగు కాల్వల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో దిగేవాళ్లను నమస్తే పథకం ద్వారా ఆయుష్మాన్‌లోకి తీసుకుంటున్నారు, 2024లో చెత్త ఏరేవాళ్లను కూడా చేర్చారు. రోడ్లు ఊడ్చేవాళ్లకు ఆ దారి లేదు.

ఆరోగ్యశ్రీ, ఆయుష్మాన్ రెండూ ప్రధానంగా ఆసుపత్రిలో చేరితే ఉపయోగపడేవి. రోజువారీ మాత్రలకు ఇవి పనికిరావు. అరవై దాటిన శరీరానికి కావలసింది ముందు మాత్రలే. వాటి కోసం 2018 నుంచి వచ్చిన బస్తీ దవాఖానాలు, తెలంగాణ డయాగ్నస్టిక్స్ ఉచిత పరీక్షలు వాడుకోవాలి. 120 రూపాయల ఈఎస్‌ఐ విలువ అసలు ఇక్కడే తెలుస్తుంది, మాత్రలూ మంచమూ రెండూ ఇచ్చేది అదొక్కటే.

డెబ్బై అనే గీత

2024 అక్టోబరు 29న కేంద్రం ఆయుష్మాన్ వయ వందన కార్డు మొదలుపెట్టింది. డెబ్బై నిండితే చాలు, ఆదాయం చూడరు, రేషన్ కార్డు అడగరు. ఏడాదికి 5 లక్షలు. ఇప్పటికే ఆయుష్మాన్‌లో ఉన్న కుటుంబంలో డెబ్బై దాటిన వాళ్లుంటే, వాళ్లకోసం విడిగా ఇంకో 5 లక్షలు. ఇంట్లో ఇద్దరు ముసలివాళ్లుంటే ఆ మొత్తాన్ని ఇద్దరూ పంచుకోవాలి. పాత జబ్బులకు మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. ఈఎస్‌ఐ ఉన్నవాళ్లు రెండూ పెట్టుకోవచ్చు. సీజీహెచ్‌ఎస్ వాళ్లు మాత్రం ఏదో ఒకటి ఎంచుకోవాలి. కావలసిన కాగితం ఒక్కటే, ఆధార్. ఫోనుకు వచ్చే ఓటీపీతో గానీ, వేలిముద్ర, కనుపాప, ముఖం గుర్తింపుతో గానీ నమోదు చేస్తారు. చీపురు పట్టి, బ్లీచింగ్‌లో నాని అరిగిపోయిన వేళ్లను మిషను గుర్తుపట్టదు. ముఖం గుర్తింపుతో చేయమని అడగండి. ఆయుష్మాన్ యాప్‌లో చేయొచ్చు, సందేహాలకు 14555, ఆరోగ్యశ్రీకి 104. కార్డు చేతికి వచ్చాక కూడా, చేరే ముందు ఆ ఆసుపత్రి ఆరోగ్యమిత్రను ఆ చికిత్సకు ఈ కార్డు తీసుకుంటారా అని అడగాలి. 2025 సెప్టెంబరులో ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు బకాయిల పేరుతో ఆరోగ్యశ్రీ సేవలు ఆపేసిన సంగతి మరవొద్దు.

అందరికీ ఒకే వయసు అంటే సమానత్వంలా కనిపిస్తుంది. కానీ డెబ్బై దాకా బతికేది ఎవరు? తొమ్మిది రాష్ట్రాల సర్వే వివరాలతో 2022లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం, అగ్రకుల హిందువులతో పోలిస్తే దళితుల ఆయుర్దాయం మూడేళ్లకు పైగా తక్కువ, ఆదివాసీలది నాలుగేళ్లకు పైగా తక్కువ. ఆస్తిపాస్తుల తేడా ఈ అంతరంలో సగాన్ని కూడా వివరించదని కూడా అది తేల్చింది. ఆ తొమ్మిదిలో తెలుగు రాష్ట్రాలు లేవు, కాబట్టి ఆ అంకెలను యథాతథంగా తార్నాకకు అంటించకూడదు. దళిత స్త్రీలు సగటున 39 ఏళ్లకే చనిపోతున్నారని తరచూ వినిపించే అంకె విషయంలోనూ జాగ్రత్త అవసరం. అది మరణించిన వాళ్ల సగటు వయసు, పసిబిడ్డల మరణాలు కూడా కలిసిన లెక్క. ఆయుర్దాయం వేరు. ఉద్యమంలో మనం తప్పు అంకె వాడితే ఎదుటివాళ్లకు పని సులువవుతుంది. ఆయుర్దాయపు అంకె ఒక్కటే చాలు. పనిలో అరిగిపోయే కులాలకు డెబ్బై అనే గీత ఇంకాస్త దూరంగా ఉంటుంది.

ముసలితనం ఎప్పుడు మొదలవుతుందన్న దానిపై ప్రభుత్వానికే ఒక మాట లేదు. ఆసరా పింఛనుకు 57. పీఎఫ్ పింఛనుకు 58. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగికి 2021 నుంచి 61. యూనివర్సిటీ అధ్యాపకులకు 2025 జనవరిలో 60 నుంచి 65కు పెంచారు. పేదల పింఛను విషయంలో 57కే ముసలివాళ్లమయ్యే మనం, అందరికీ బీమా అనేసరికి 70 దాకా పడుచువాళ్లమే.

ఆ డెబ్బైనైనా నిరూపించుకోవాలి. బడికి పోని తరానికి పుట్టిన తేదీ అంటే ఆధార్ సెంటరులో ఆపరేటరు అంచనా వేసిన సంవత్సరం. 2024 అక్టోబరు 24న ఒక రోడ్డు ప్రమాద పరిహారం కేసులో, వయసు నిర్ధారణకు ఆధార్ సరైన ఆధారం కాదని సుప్రీంకోర్టు చెప్పింది. అయిదు రోజుల తర్వాత మొదలైన వయ వందనకు ఆధార్ వయసు ఒక్కటే ఆధారం. ఆధార్‌లో పుట్టిన తేదీని మామూలుగా ఒక్కసారే మార్చుకోవచ్చు. అందుకే తొందరపడి మార్పించవద్దు. డెబ్బై కోసం వయసు పెంచితే, అది ఈఎస్‌ఐ, పీఎఫ్ రికార్డులతో తేడా వచ్చి అక్కడ ఆగిపోవచ్చు. ముందు అన్ని రికార్డులూ పక్కపక్కన పెట్టి చూసుకుని, ఏది ఎక్కువ చోట్ల ఉందో దానికే మిగతావి సరిచేయించాలి.

అమెరికాలో వృద్ధుల బీమా మెడికేర్ 65 ఏళ్లకు మొదలవుతుంది. నమోదుకు ఏడు నెలల గడువు, దాటితే ఆలస్యానికి జరిమానా. కానీ మనం తెలుసుకోవలసింది ఆ గడువు గురించి కాదు. 1966లో మెడికేర్ అమలుకు వచ్చినప్పుడు, నల్లవాళ్లను వేరే వార్డుల్లో పెట్టే ఆసుపత్రికి ఆ డబ్బు ఇవ్వబోమని అక్కడి ప్రభుత్వం పౌర హక్కుల చట్టాన్ని ముందు పెట్టింది. కొద్ది నెలల్లోనే వెయ్యికి పైగా ఆసుపత్రులు వేరు వార్డులు ఎత్తేశాయి. బీమా సొమ్ము చేతిలో ఉన్న ప్రభుత్వం ఆసుపత్రి నడవడికను మార్చగలదని అప్పుడు రుజువైంది. మన దగ్గర నెట్‌వర్క్ ఆసుపత్రుల గురించి మాట వస్తే ప్యాకేజీ రేట్లు, బకాయిలే ముందుకొస్తాయి. ఆరోగ్యశ్రీ కార్డుతో వచ్చిన దళిత వృద్ధురాలిని ఎంతసేపు కూర్చోబెట్టారు, ఎట్లా పలకరించారు అన్నది ఒప్పందంలో షరతు కావాలని అడగడానికి మనకు ఒక ముందరి ఉదాహరణ ఉంది.

క్యాంపస్‌లో ఉన్న మిత్రులకు ఒక పని. మీ హాస్టల్లో, మెస్సులో, డిపార్ట్‌మెంటులో యాభై ఐదు దాటిన వాళ్లు ఎవరున్నారో ముందు తెలుసుకోండి. వాళ్ల ఈఎస్‌ఐ నంబరు, ఆధార్, రేషన్ కార్డు, పీఎఫ్ నంబరు ఒక కాగితం మీద రాసి వాళ్లకే ఇవ్వండి, మీ ఫోన్లలో ఫోటోలు ఉంచుకోవద్దు. ఆఖరి నెల జీతం అందే లోపు ఏజెన్సీ నుంచి మూడు విషయాలున్న ఉత్తరం రాయించాలి. పనిలో చేరిన తేదీ, ఆఖరి పనిరోజు, వయసు నిండినందున పని ముగిసిందన్న వాక్యం. రాజీనామా అని రాస్తే ఒప్పుకోవద్దు, ఆ మాట ఉంటే 61వ నిబంధన దగ్గర చిక్కు వస్తుంది. 120 కట్టిన రసీదు వెనక మరుసటి ఏడాది కట్టాల్సిన తేదీ పెద్ద అక్షరాలతో రాసిపెట్టండి. ఆ చందా ఏడాదికే చెల్లుతుంది, గుర్తుచేస్తూ ఎవరూ మెసేజ్ పెట్టరు.